ఇంట్లోకి పాము వస్తే కర్ర వెతకొద్దు, కుర్చీ వేసుకోండి

మా అత్తమ్మది పుంగనూరు పక్కన పల్లె. దీపాలు పెట్టాక పాము అనదు, పురుగు అంటుంది. బెంగళూరు బేగూరులో మేమున్న అద్దె ఇంటికి ఆవిడ వచ్చిన వారంలోనే ఆ పురుగు కూడా వచ్చింది. మే నెల చివర, బయట వాన, అప్పుడే కరెంటు వచ్చింది. చెప్పుల స్టాండ్ వెనక తోక కదలడం ముందు మావాడు చూశాడు. "నాన్నా, ఏదో పాకుతా ఉంది" అన్నాడు. నేనూ చూశాను. గుండె ఝల్లుమంది. బూజుకర్ర కోసం వెనక బాల్కనీలోకి పరుగెత్తాను. నా వెనకాలే మా ఆవిడ, ఆవిడ వెనక పిల్లాడు. కర్ర పట్టుకొని తిరిగొచ్చేసరికి పదిహేను సెకన్లు పట్టి ఉంటుంది, అంతే. చెప్పుల స్టాండ్ వెనక ఏమీ లేదు.

ఆ పదిహేను సెకన్లకు మాకు రెండు రాత్రుల నిద్ర పోయింది. పాములు పట్టే కుర్రాడు ట్రాఫిక్ దాటుకొని గంటన్నరకు వచ్చి "ఎల్లిదె?" అని అడిగాడు. ఎక్కడుందని చెప్పాలి? సోఫా తిప్పాడు, ఫ్రిజ్ జరిపాడు, టార్చ్ పట్టుకొని నేల మీద పడుకొని చూశాడు, వెళ్ళిపోయాడు. మూడో రోజు పొద్దున వాషింగ్ మెషీన్ కింద నుంచి అది తల బయట పెట్టింది. ఈసారి అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని, పది అడుగుల దూరంలో వేసుకొని కూర్చుంది. "నువ్వు ఫోన్ చెయ్యి నాయనా, నేను చూస్తా ఉంటా" అంది. యాభై నిమిషాలు రెప్ప కొట్టిందో లేదో తెలియదు. కాఫీ కూడా అక్కడికే తెప్పించుకుంది. కుర్రాడు వచ్చి నాలుగు నిమిషాల్లో సంచిలో వేశాడు. జానెడున్నర పొడవున్న నాగుపాము పిల్ల.

పాము పట్టడంలో ఇంట్లోవాళ్ళు చేయాల్సిన పని ఆ కుర్చీలో కూర్చోవడమే. మిగతాది నేర్చుకున్నవాళ్ళ పని. కింద రాసిందంతా ఆ కూర్చోవడం ఎలాగో చెప్పడానికే.

మొదటి నిమిషం

పాము కనబడగానే కదలకుండా నిలబడండి. ఆ తర్వాత మెల్లగా వెనక్కి అడుగులు వేయండి. మామూలుగా మన వైపు కనిపించే పాములు తమ ఒంటి పొడవులో సగానికి మించి దూకి కాటు వేయడం అరుదు. రెండు పెద్ద అంగలు వెనక్కి వస్తే కాటు అందదు, పది అడుగులైతే నిశ్చింత. పాము వెంటపడి తరమదు. మన వైపుకు వచ్చినట్టు కనిపించినా, అది చూసుకునేది మన వెనకున్న చీకటి మూలను.

పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని వేరే గదిలోకి పంపండి. ముఖ్యంగా కుక్క. అది మిమ్మల్ని కాపాడాలని ఎగబడి ముందు కాటు తినేది అదే. ఇంట్లో భయం తక్కువున్న మనిషి ఒకరిని కాపలా పెట్టండి. ఆ మనిషి కళ్ళు పాము మీద నుంచి తిప్పకూడదు. వాట్సాప్ చూడకూడదు, వీడియో తీస్తూ స్క్రీన్ వైపు చూడకూడదు. రెండో మనిషి ఫోన్ చేస్తారు. ఇంట్లో మీరొక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి చూస్తూ మాట్లాడండి.

తర్వాత తలుపులు చూసుకోండి. పాము వీధి తలుపు దగ్గరే ఉంటే ఆ తలుపు బార్లా తీసి, లోపలి గదుల తలుపులు మూసి, దూరంగా జరగండి. చాలాసార్లు అదే వెళ్ళిపోతుంది. బాత్‌రూమ్‌లోనో, పడకగదిలోనో ఉంటే గది తలుపు మూసేసి, కింద సందులో తడి తువ్వాలు గట్టిగా కుక్కండి. ఇక కుర్చీ తలుపు బయట వేసుకోవచ్చు. అప్పుడు కాపలా తలుపుకే కాబట్టి టెన్షన్ సగం తగ్గుతుంది. కాంపౌండ్‌లోనో, పూలకుండీల దగ్గరో కనిపిస్తే అసలు ఎవరినీ పిలవక్కర్లేదు. కిటికీలోంచి చూస్తూ ఉండండి. ఎవరూ కదిలించకపోతే కాసేపటికి దాని దారిన అది పోతుంది.

ఇక పక్కింటి సలహాలు. ఫినాయిల్ పోయమంటారు. వేడినీళ్ళు, కిరసనాయిలు, ఉప్పు, వెల్లుల్లి, ఒక పెద్దమనిషి అయితే సాంబ్రాణి పొగ వేయమన్నాడు. ఏదీ వద్దు. ఒంటి మీద మంట పుట్టిన పాము బయటికి పోదు, దగ్గర్లో ఉన్న కన్నంలోకి దూరుతుంది. మా ఇంట్లో ఆ కన్నం వాషింగ్ మెషీన్ అడుగు. మీ ఇంట్లో సోఫా అడుగు చిరుగు కావచ్చు, కిచెన్ సింక్ కింద పైపు పోయే రంధ్రం కావచ్చు, పార్సిల్ అట్టపెట్టెల గుట్ట కావచ్చు. చీపురుతో తోయడం ఇంకా ప్రమాదం, చీపురు పొడవు మూడున్నర అడుగులే.

అరవొద్దని చెప్పేది పాము కోసం కాదు. దానికి బయటి చెవులు లేవు. నేల మీది అదురును బాగా పట్టుకుంటుంది కానీ మన కేకల్ని పెద్దగా లెక్కచేయదు. అరుపులు విని జనం పోగవుతారు, పోగయినవాళ్ళలో ఒకడి చేతిలో కర్ర ఉంటుంది. గొడవ మొదలయ్యేది అక్కడే.

ఫోన్ ఎవరికి, ఏమని

కర్ణాటక అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926. బెంగళూరు నగరపాలిక హెల్ప్‌లైన్ 1533. రెండింటిలో ఏది ముందు తగిలితే అది. ఇవి కాక ప్రతి ఏరియాలోనూ పాములు పట్టే వాలంటీర్లు ఉంటారు. అపార్ట్‌మెంట్ అయితే సెక్యూరిటీ రిజిస్టర్ అట్ట లోపల పెన్నుతో రాసిన నంబర్ తప్పకుండా ఉంటుంది. గాయపడిన పాము అయితే ఉత్తరహళ్ళి, కెంగేరి మధ్యన ఉన్న పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణి ఆస్పత్రి ఉంది.

మారతహళ్ళిలో పదేళ్ళు ఉన్నా కన్నడం రాని మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఈ రెండు వాక్యాలు మాత్రం నోటికి పట్టించుకోండి. "మనె ఒళగె హావు బందిదె", అంటే ఇంట్లోకి పాము వచ్చింది. "హావు కచ్చిదె", పాము కరిచింది. చివర "బేగ బన్ని" తగిలిస్తే త్వరగా రమ్మని. మా అత్తమ్మలా పురుగు అంటే మాత్రం అవతలివాళ్ళు బొద్దింకల మందు కొట్టేవాళ్ళ నంబర్ ఇస్తారు.

ఫోన్‌లో చెప్పాల్సినవి కొన్నే. ఏ గదిలో ఉంది, ఎంత పొడవు, రంగు, ఒంటి మీద పట్టీలా మచ్చలా, ఎవరైనా చూస్తూ ఉన్నారా. ఆ తర్వాత లొకేషన్, జూమ్ చేసి తీసిన ఒక ఫోటో పంపండి. ఫోటో కోసం దగ్గరికి పోవద్దు. మసకగా ఉన్నా చాలు, వాళ్ళ కళ్ళకు తెలిసిపోతుంది.

డబ్బుల సంగతి ముందే అడగండి. మొహమాటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండో ఏడాది ఇంకొకాయన వచ్చి, పామును సంచిలో వేసి, ముడి బిగించి, ఆ సంచి మా గుమ్మంలో పెట్టి మూడు వేలు అడిగాడు. ఇవ్వకపోతే ఇక్కడే వదిలేస్తానన్నట్టు చూశాడు. చాలామంది పెట్రోల్ ఖర్చు ఇస్తే చాలంటారు, కొందరు అదీ తీసుకోరు. కానీ అందరూ ఒకేలా ఉండరు.

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పామును చంపడం, అనుమతి లేకుండా పట్టి దగ్గర పెట్టుకోవడం నేరం. రెండు తలల పాము దొరికితే లక్షలు ఇస్తామని మీ గ్రూపుల్లో ఎవడైనా మెసేజ్ పెడితే, కొన్నవాడూ అమ్మినవాడూ ఇద్దరూ జైలుకు పోయే బేరం అది. పాపం ఆ పాముకు ఉన్నది ఒక తలే. తోక మొద్దుగా ఉంటుంది, అంతే.

చూస్తూ కూర్చున్నప్పుడు ఏం చూడాలి

పాము ఏదో తేల్చాల్సిన బాధ్యత మీది కాదు. తెలియని పామును విషపు పాముగానే అనుకోవాలి. అయినా యాభై నిమిషాలు కూర్చున్నాక ఏదో ఒకటి గమనించక మానరు. గమనించేదేదో పనికొచ్చేది గమనిస్తే మంచిది.

బెంగళూరు ఇళ్ళ చుట్టూ తరచుగా కనబడేది జెర్రిపోతు. కన్నడిగులు కేరె హావు అంటారు. ఆరేడడుగులు ఉంటుంది, పగలే తిరుగుతుంది, పెద్ద గుండ్రటి కళ్ళు, పెదవుల మీద నిలువుగా నల్ల గీతలు. విషం లేదు. దీన్ని చూసి నాగుపాము అనుకొని కొట్టి చంపేవాళ్ళే ఎక్కువ. జెర్రిపోతు నాగుపాముకు మొగుడని మా ఊళ్ళో ఇప్పటికీ నమ్ముతారు. రెండూ వేరు వేరు జాతులు, నాగుపాము జెర్రిపోతును దొరికితే తినేస్తుంది కూడా. రెండు పాములు సగం పైకి లేచి పెనవేసుకొని ఆడుతుంటే సరసం అనుకొని దండం పెడతాం, అవి ఎక్కువసార్లు కుస్తీ పడుతున్న రెండు మగ జెర్రిపోతులు.

నాగుపాము ఎప్పుడూ పడగ విప్పి ఉండదు. పాకేటప్పుడు మామూలు పాములాగే ఉంటుంది. గోధుమ రంగు, మెడ నుంచి ఒంటికి పెద్ద తేడా ఉండదు. బెదిరితేనే లేస్తుంది. పిల్ల కూడా గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచే కాటు వేయగలదు, విషమూ ఉంటుంది. ఎండాకాలం చివర, వానల మొదట్లో ఇలాంటి పిల్లలు ఇళ్ళలో ఎక్కువగా దొరుకుతాయి. ఒక పిల్ల దొరికిందంటే దగ్గర్లో ఇంకొన్ని ఉండొచ్చు. గుడ్లు పదికి పైనే పెడుతుంది మరి.

రక్తపింజరి బాగా గుర్తుండిపోయే పాము. కన్నడంలో కొళకు మండల. లావుగా, పొట్టిగా, త్రికోణం తల, ఒంటి మీద గొలుసు అల్లినట్టు మూడు వరుసల గుండ్రటి మచ్చలు. బెదిరితే ప్రెషర్ కుక్కర్ విజిల్ ముందు బుసబుసమంటుందే, ఆ చప్పుడు చేస్తుంది. అది విన్నాక ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. ఎండుటాకుల్లో కదలకుండా పడి ఉంటుంది కాబట్టి తొక్కేవరకూ కనబడదు. చెరువు గట్లు, సర్జాపూర్ అవతలి పొలాలు, ఖాళీ సైట్లు దీని చోట్లు. కొండచిలువ పిల్ల అనుకొని చేత్తో పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ పొరపాటు మీరు చేయొద్దు.

కట్లపాము రాత్రి పాము. నిగనిగలాడే నలుపు, సన్నటి తెల్ల కట్లు, ఎక్కువగా జంటలుగా. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. విషం లేని వుల్ఫ్ స్నేక్ కూడా గోడలెక్కి ఇళ్ళలోకి వస్తుంది, దానికీ కట్లుంటాయి. దాని పట్టీలు మెడ దగ్గర వెడల్పుగా మొదలై తోక వైపు పోనుపోను మాసిపోతాయి. కట్లపాముకు తల వైపు పలచగా ఉండి తోక వైపు తేరుకుంటాయి. చదవడానికి తేలికే, ట్యూబ్‌లైట్ కింద పాము మెలి తిరిగి ఉన్నప్పుడు నాకే తేడా తెలియలేదు. నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీలుంటే కట్లపామే అనుకోండి.

నాలుగోది చిన్న పింజరి. రాళ్ళు, మెట్ట నేలలు దానిష్టం. మన అనంతపురం వైపు కనిపించినంతగా నగరం మధ్యలో కనిపించదు. చెరువుల దగ్గర నీరుకట్టె ఉంటుంది. విషం లేదు కానీ కోపం ముక్కు మీద ఉంటుంది, మెడ చదును చేసి పడగలాగా భయపెడుతుంది, కరుస్తుంది కూడా. రాజకాలువె (పెద్ద వాననీటి కాలువ) పక్కన ఇల్లయితే వానాకాలంలో దీన్ని చూడకుండా ఉండరు. పచ్చటి పసిరిక పాము కళ్ళు పొడుస్తుందనేది కట్టుకథ, దాని పని బల్లులతో.

పట్టేవాడు వచ్చాక

మంచివాడో కాదో మొదటి రెండు నిమిషాల్లో తెలుస్తుంది. కాళ్ళకు బూట్లు ఉంటాయి. చేతిలో కొక్కెం ఉన్న ఇనుప కడ్డీ, ఒక గుడ్డ సంచి, ఆ సంచి మూతికి బిగించిన ప్లాస్టిక్ పైపు ముక్క. ముందు చుట్టూ జనాన్ని పంపేస్తాడు, చిన్న సామాను జరుపుతాడు. పైపును గోడ మూలకు ఆనించి పెడతాడు. పాముకు అది చీకటి కన్నంలా కనిపిస్తుంది. వెనక నుంచి కొక్కెంతో మెల్లగా తోక వైపు తాకితే తనంతట తానే పైపులోకి పాకి సంచిలోకి దిగుతుంది. సంచి మూతి మెలి తిప్పి, ముడి వేసి, గాలి కన్నాలున్న డబ్బాలో పెడతాడు. సంచిని కాలికి దూరంగా పట్టుకుంటాడు, కోరలు గుడ్డలోంచి దిగుతాయి కాబట్టి. ఎవరూ పాము మెడ పట్టుకోలేదు, గమనించారా? ఆ పద్ధతిలో పాముకు భయం తక్కువ, మనిషికి ప్రమాదం తక్కువ.

మెడ పట్టుకొని పైకెత్తి, మీ పిల్లాడిని పక్కన నిలబెట్టి సెల్ఫీ తీసుకోమనేవాడు వస్తే మర్యాదగా వద్దని చెప్పండి. తోక పట్టుకొని ఊపేవాడైనా అంతే. దేశంలో పాములు పట్టేవాళ్ళు కాట్లు తిని చనిపోయిన సంఘటనల్లో ఈ ప్రదర్శన పిచ్చి వల్ల పోయినవాళ్ళు చాలామంది. పటకారు లాంటి క్లిప్పుతో నడుం నొక్కి పట్టడం కూడా మంచిది కాదు, పక్కటెముకలు విరుగుతాయి.

ఈ పైపు, సంచి పద్ధతి చదివి "ఇంతేనా, మనమే చేసేద్దాం" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ కుర్రాడిని అడిగితే నవ్వి, తన గురువు వెంట రెండేళ్ళు సంచి మోశాకే కొక్కెం చేతికి ఇచ్చాడని చెప్పాడు. పాము ఎటు తిరగబోతుందో దాని ఒంటి బిగువును బట్టి చదవాలి. అది వీడియో చూస్తే రాదు. బకెట్ బోర్లించడం, తువ్వాలు కప్పి పట్టుకోవడం లాంటివి కూడా ప్రయత్నించకండి.

ఎక్కడ వదులుతున్నారో అడగండి. "బన్నేరుఘట్ట అడవిలో వదిలెయ్యి బాబూ, ఇక తిరిగి రాకూడదు" అంటారు మనవాళ్ళు. తెలియని చోట వదిలిన పాముకు నీళ్ళెక్కడ, దాక్కునే కన్నమెక్కడ తెలియదు, తిరిగి తిరిగి చచ్చిపోతుంది. మీ చుట్టుపక్కలే జనం లేని గుబురులో వదిలితే నయం. పగబట్టి తిరిగి రావడం సినిమాల్లోనే, దానికి మీ మొహం గుర్తుండదు.

బండిలో దూరితే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. స్కూటర్‌ను తాకకుండా, జనాన్ని దూరం జరిపి వదిలేయండి. ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టకు పాము అంటుకుంటే లాగొద్దు, చర్మం ఊడి వస్తుంది. పట్టేవాళ్ళు వంటనూనె రాసి విడిపిస్తారు.

కనబడకుండా పోతే

ఇది పాము ఉన్నదాని కన్నా పెద్ద కష్టం. పట్టేవాళ్ళు వచ్చి వెతికినా దొరకలేదనుకుందాం. ముగ్గుపిండి తీసుకోండి. పడుకునే ముందు ప్రతి గది గడప దగ్గరా, బాత్‌రూమ్ తూము దగ్గరా, వీధి తలుపు బయటా పలచగా ఒక పట్టీలాగా చల్లండి. రాత్రి పాము కదిలితే పిండిలో వంపులు తిరిగిన గీత పడుతుంది. ఏ గదిలోకి పోయిందో, బయటికే వెళ్ళిపోయిందో పొద్దున తెలిసిపోతుంది. మా ఇంట్లో హాల్ నుంచి యుటిలిటీ వైపు పోయిన గీతే వాషింగ్ మెషీన్ జాడ చెప్పింది. ముగ్గుపిండి లేకపోతే మైదా చాలు.

ఆ రాత్రులు నేల మీద పడుకోకండి. మంచం గోడకు దూరంగా జరపండి, దుప్పటి నేలకు వేలాడకూడదు, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము కాట్లలో చాలా భాగం నేల మీద నిద్రపోతున్నవాళ్ళకే. లేచి బాత్‌రూమ్‌కు వెళ్ళాలంటే లైటు వేశాకే కాలు కింద పెట్టాలి.

కాటు పడితే

ఇక్కడ మాత్రం చెప్పింది చెప్పినట్టు చేయండి. పాముకు దూరంగా జరగండి. టైమ్ చూసుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా స్కేలో, అట్టముక్కో ఆనించి వదులుగా కట్టండి. మనిషిని నడిపించకండి, కూర్చోబెట్టో పడుకోబెట్టో తీసుకెళ్ళండి. 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ ఆలస్యమయ్యేలా ఉంటే ఆటో అయినా సరే.

తాడు బిగించి కట్టొద్దు. బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐస్ పెట్టొద్దు. పసరు, మంత్రం, విషరాయి అంటూ గంట పోగొట్టొద్దు. ఆ గంటే ప్రాణం. నొప్పికి ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేయకండి. పామును చంపి ఆస్పత్రికి తీసుకుపోవాల్సిన పని లేదు. తెగిన తల కూడా కాసేపటి వరకూ కరుస్తుంది. ఫోటో ఉంటే చూపించండి, లేకపోతే డాక్టర్లు లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు.

కట్లపాము కాటుకు నొప్పి ఉండకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, మింగలేకపోవడం, రెప్పలు వాలిపోవడం కనిపిస్తే గ్యాస్ అనుకొని టాబ్లెట్ వేసి పడుకోబెట్టకండి.

అన్ని ఆస్పత్రుల్లో విరుగుడు ఉండదు. మన దేశంలో దొరికే విరుగుడు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది, పైన చెప్పిన నాలుగు విషపు పాములకూ ఒకటే మందు. దాని కోసం విషం తీసి ఇచ్చేవాళ్ళలో చెన్నై పక్కన వడనెమ్మేలిలోని, పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం పేరు అందరూ చెబుతారు. మీ ఇంటి దగ్గరి ఆస్పత్రికి ఈరోజే ఫోన్ చేసి, "పాము కాటు విరుగుడు, వెంటిలేటర్ రెండూ ఉన్నాయా?" అని అడగండి. రెండూ ఉన్న చోటును ముందే చూసి పెట్టుకోండి. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఆస్పత్రి మార్చాల్సి వస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. విక్టోరియా, బౌరింగ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులను లెక్కలో పెట్టుకోండి.

వెళ్ళగానే ఇంజెక్షన్ ఇవ్వలేదని డాక్టర్‌తో గొడవ పడకండి. కాటు పడినా కొన్నిసార్లు విషం దిగదు. లక్షణాలు కనిపిస్తేనే విరుగుడు ఎక్కిస్తారు, ఎందుకంటే దానికీ రియాక్షన్ వస్తుంది. కాస్త రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి, గడ్డ కట్టిందో లేదో చూస్తారు. ఇరవై నాలుగు గంటలు అక్కడే ఉండమంటారు, ఉండండి. విరుగుడు మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే, పిల్లాడికి ఇన్ని సీసాలా అని కంగారు పడొద్దు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాము కాటుకు పోయినవాళ్ళు సుమారు 12 లక్షలు, ఏటా సగటున 58 వేలు అని లెక్క తేలింది. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రతి పాము కాటు కేసునూ ఆస్పత్రులు తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాలని నిబంధన పెట్టింది. కాబట్టి వివరాలు రాసుకుంటుంటే పోలీసు కేసేమో అని భయపడకండి.

రాకుండా

పాము మన కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక చెత్త కోసం వస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి. వీధి కుక్కలకు పెట్టిన అన్నం రాత్రంతా గేటు దగ్గర వదిలేయడం, పావురాలకు గింజలు చల్లడం ఆపితే సగం పని అయినట్టే.

బాత్‌రూమ్, యుటిలిటీ తూములకు సన్న రంధ్రాల జాలీలు వేయించండి. వాషింగ్ మెషీన్ నీళ్ళు పోయే పైపు చుట్టూ ఉన్న సందు సిమెంట్‌తో పూడ్పించండి. తలుపు కింద చూపుడు వేలు దూరేంత సందు ఉంటే పాము పిల్లకు అది రాజమార్గం, రబ్బరు పట్టీ కొట్టించండి. గోడకు ఆనించిన ఇటుకలు, టైల్స్ ముక్కలు, పాత కుండీల గుట్ట తీసేయండి. పక్క ఖాళీ సైట్‌లో పార్థీనియం కలుపు నడుమెత్తు పెరిగి ఉంటే 1533కు ఫిర్యాదు చేయండి. ఒకసారి చేస్తే కదలరు, మూడుసార్లు చేయాలి. చెప్పులు, బూట్లు, హెల్మెట్ ఎత్తి తట్టి వాడే అలవాటు ఇంట్లో అందరికీ రావాలి. నాఫ్తలీన్ ఉండలు, కార్బాలిక్ యాసిడ్ చల్లడం దండగ. పాములు వాటిని దాటుకొని వస్తాయి, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మా ఫ్రిజ్ మీద ఇప్పుడొక కాగితం ఉంది. పైన 1926, 1533, 108. కింద పట్టే కుర్రాడి నంబర్, విరుగుడు ఉన్న ఆస్పత్రి పేరు, అక్కడి క్యాజువాలిటీ నంబర్, తెలుగు లిపిలో ఆ కన్నడ వాక్యాలు. అత్తమ్మ ఊరికి వెళ్ళేముందు ఆ కాగితం చదివించుకొని, కింద ఇంకో లైన్ రాయించింది: "చూసేవాళ్ళు కుర్చీ దిగకూడదు."